గట్టు వెలుపలి పొన్నకాయలు

కడలిపై పవళించిన స్వామికి నమస్కరించి, తారణ నామ సంవత్సర మాఘ బహుళ తదియ నాటి సంగతి వ్రాస్తున్నాను.

జూబ్లీహిల్స్ నుండి ఎర్రగడ్డకు పోయే బస్సులో నా ప్రక్కన ఒక వృద్ధుడు కూర్చున్నాడు. అతని సంచిలో పొడుగాటి ఎండుకాయలున్నవి.

"ఏంది తాతా, మునక్కాయలు గిట్లెండినయ్? ఎవలు కొంటరు?" అని కండక్టరు నవ్వినాడు.

"మునక్కాయలు కావు బాబూ, మడ అడవిలో ఉప్పుపొన్న కాయలు," అని అతడు నా వైపు తిరిగినాడు. "ఉప్పెనకి మా ఊరి ముందు అడవంతా పోయిందండీ. ఎవరూ నాటక్కర్లేదు. పోటుతో ఇవే కొట్టుకొచ్చి బురదలో నాటుకుంటాయి. ఆ నేల చుట్టూ రొయ్యల చెరువుకి గట్టేసేశారండీ. కాయలు గట్టు బయటే ఎండిపోతన్నాయి. గండి కొట్టించమని చెరువుగలాయన్ని అడగడానికొచ్చా. మూడ్రోజులూ గేటు దగ్గరే నిలబెట్టారు. ఇంకో ఉప్పెనొస్తే మా వీధికి అడ్డమేదీ లేదండీ."

ఊరి పేరూ, చెరువు యజమాని పేరూ అడిగి, ఆ యజమాని మా ఫిల్మ్‌నగర్ ఇంటికి ఎదురింటివాడేనని చెప్పినాను. అతడొక కాయ తీసి నా చేతిలో పెట్టి, "మిమ్మల్నైతే లోపలికి రానిస్తారు. ఇది చూపించండి," అన్నాడు.

చూపిస్తానన్నాను. ఆ కాయ నా వ్రాతబల్ల మీదనే ఉండిపోయినది.

మరుసటి కార్తికంలో మరల ఉప్పెన వచ్చినది. పార్థివ నామ సంవత్సర మార్గశిర బహుళ పంచమి నాడు ఆ ఊరికి వెళ్ళినాను. గట్టు అలాగే ఉన్నది. అతని వీధి లేదు.