ఏడు వేసవులు దాటిన బ్యాటరీ

2017 ఎండాకాలం. హిందూపురం నుంచి పరిగి వైపు వెళ్లే దారిలో నాకు బ్యాటరీల షాపు ఉంది. లారీలకు, ఆటోలకు, ట్రాక్టర్లకు బ్యాటరీలు అమ్ముతాను, దిగిపోయినవాటికి ఛార్జింగ్ పెడతాను. ఒక మధ్యాహ్నం షాపు ముందుకు మినీ ట్రాక్టర్ వచ్చి ఆగింది. తోటల్లో సాళ్ల మధ్య దూరిపోయే చిన్న బండి. నడిపే మనిషి దిగలేదు, ఇంజన్ కూడా ఆపలేదు. సీటు మీది నుంచే కేకేశాడు.

“ఏమబ్బా, దీనికి బ్యాటరీ ఉండాదా? ఇంజన్ ఆపితే మల్ల లేయదు. నేను దిగితే నేనూ లేయను.”

దగ్గరికి వెళ్లాక అర్థమైంది. రెండు కాళ్లూ సన్నగా, బలం లేకుండా వేలాడుతున్నాయి. చిన్నప్పుడు పోలియో వచ్చిందట. పేరు అశ్వత్థప్ప. పరిగికి ఆవల ఒక పల్లెలో మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. పెనుకొండలో ఆ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ధర్మవరంలో ఒక మెకానిక్ చేత క్లచ్‌కూ బ్రేకుకూ చేతి లీవర్లు పెట్టించుకుని, బ్యాటరీ పెట్టెను సీటు పక్కకు మార్పించుకున్నాడు.

బ్యాటరీ కొనడానికి వచ్చేవాళ్లు ఎన్నేళ్లు వస్తుందని అడుగుతారు. ఆయన అడిగింది వేరు.

“ఇది సచ్చిపోయే ముందు నాకు తెలుస్తాదా?”

“ఎందుకన్నా?”

“తోట నడుమ బండి నిలిస్తే నువ్వు దిగి నెట్టుకుంటావు. నన్నయితే ముందు ఎవరన్నా దింపల్ల. అందుకే అడుగుతాండా.”

ఆ రోజు షాపులో ఉన్న బ్యాటరీలన్నీ ఆయనకు చూపించాను. పెద్దది పెడితే ఎక్కువ కాలం వస్తుందని చాలామంది అనుకుంటారు. పెట్టెలో సరిగా పట్టక కదిలే పెద్ద బ్యాటరీ కంటే, బిగువుగా కూర్చునే సరైన సైజు మేలు. ట్రాక్టర్ బ్యాటరీని వయసు కంటే ముందు అదురు చంపుతుంది. లోపలి సీసపు ప్లేట్లు కుదుపులకు రాలిపోతాయి. తయారైన నెల కూడా చూసుకోవాలి. షాపులో నెలల తరబడి పడి ఉన్నది కొత్తదైనా సగం ముసలిదే. క్రాంకింగ్ ఆంప్స్ అని ఒక లెక్క ఉంటుంది. స్టార్ట్ చేసే క్షణంలో బ్యాటరీ ఎంత బలంగా తన్నగలదో అది చెబుతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆ తన్ను గట్టిగా కావాలి.

ఇక చూసుకునే పద్ధతి. మా ప్రాంతపు బోరు నీళ్లు బ్యాటరీకి విషం. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పడితే సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక వ్యాజిలిన్ రాయాలి. బండిని చాలాకాలం పక్కన పెట్టేటట్టయితే నెగటివ్ వైరు విప్పేయాలి. ఈ మాటలు అందరికీ చెబుతాను. తలలూపి వెళతారు, మూడు వేసవులు తిరక్కుండానే కొత్తదానికి వస్తారు.

అశ్వత్థప్పకు హైడ్రోమీటర్ వాడడం కూడా నేర్పాను. గాజు గొట్టంలో చిన్న తేలుడు బుడ్డి ఉంటుంది. బ్యాటరీలోని ద్రవాన్ని పీల్చితే, అది పచ్చ గీత దగ్గర తేలిందా, ఎర్ర గీతకు మునిగిందా చూసి లోపలి బలం చెప్పవచ్చు. బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కోదాన్నీ సెల్ అంటాం. అయిదు బాగుండి ఒకటి పడిపోయినా బ్యాటరీ పని అయిపోయినట్టే. “ఆరూ కలిసి నడిచినంతకాలం భయం లేదన్నా. ఒకటి వెనకబడితే నాకు ఫోన్ చెయ్యి” అన్నాను. ఆయన హైడ్రోమీటర్ కూడా కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఆ తరువాత నాలుగేళ్లు, అయిదేళ్లు గడిచినా రాలేదు. ఇంకెక్కడో కొత్తది కొనుక్కుని ఉంటాడని మరిచిపోయాను.

ఏడో ఏడు వానాకాలంలో ఒక పొద్దున ఫోన్ మోగింది.

“అబ్బా, నేను అశ్వత్థప్పను. వారం వారం కొలుస్తాండా, పోయిన వారం దాకా ఆరూ సమంగా ఉండె. పొద్దున మూడో గది ఎర్ర గీతకు దిగిపోయింది. స్టార్టర్ మూలిగి మూలిగి ఎట్లనో పట్టుకునింది.”

“ఏ బ్యాటరీ అన్నా?”

“నువ్విచ్చిందే. ఇంగే బ్యాటరీ?”

వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకున్నాను. ఆయన మాత్రం ఆగకుండా చెప్పుకుపోతున్నాడు. షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు ఆకలికి అంతుండదు. బండ్లకొద్దీ ఆకు కావాలి, పూట తప్పితే పట్టుగూళ్లు పలచబడతాయి. ముందు రోజు రాత్రి వానకు ఊరి ముందు వంక పొంగింది. కూలీలు అవతలే ఆగిపోయారు. తోట నుంచి షెడ్డుకు ఆకు తేవడానికి ఆ బండి ఒక్కటే దిక్కు.

“ఇంజన్ ఆపొద్దు. లైట్లు వేయొద్దు. నేను వస్తున్నా” అన్నాను. ఆ రకం పాత డీజిల్ ఇంజన్‌కు ఒకసారి అందుకున్నాక బ్యాటరీతో పని లేదు.

వంక దగ్గరికి చేరేసరికి వాన నిలిచి ఎండ వచ్చింది కానీ, నీళ్లు ఇంకా తగ్గలేదు. మధ్యాహ్నం దాటాక ప్రవాహం మోకాలి కిందికి దిగింది. కొత్త బ్యాటరీని భుజానికెత్తుకుని నేను అడుగు పెట్టేలోపే అవతలి నుంచి ఒకామె నడిచి వచ్చింది. అశ్వత్థప్ప భార్య నాగమణి.

“ఇట్లియ్యన్నా, నెత్తిన పెట్టు.”

“వంగితే యాసిడ్ కారుతుందమ్మా.”

“వంగితే కదా.”

చీర కొంగు చుట్ట చేసి నెత్తిన పెట్టుకుంది. నేను ఆ నీళ్లలో తూలుతూ రాళ్లు వెతుక్కుంటుంటే, ఆమె నెత్తిన బరువుతో గట్టు నడిచినట్టే నడిచింది.

షెడ్డు దగ్గర అశ్వత్థప్ప బండి మీదే ఉన్నాడు, పొద్దుటి నుంచి సీటు దిగలేదు. అన్నం కూడా అక్కడే తిన్నాడు. నాగమణి కోసిన కొమ్మలను ట్రాలీలో తెచ్చి షెడ్డు ముందు పోయడం, తడి ఆకు పురుగులకు పడదు కాబట్టి ఆమె దులిపి గాలికి ఆరబెట్టడం, మళ్లీ తోటకు పోవడం. బ్యాటరీ పెట్టె మూత తీశాను. టెర్మినళ్లు మెరుస్తున్నాయి. ఎక్కడా తుప్పు లేదు. అదురు తగలకుండా అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు పరిచి ఉన్నాయి. నా వృత్తిలో వేల బ్యాటరీలు చూశాను. ఏడేళ్ల వయసులో అంత శుభ్రంగా ఉన్నదాన్ని చూడలేదు.

“ఇంజన్ ఆపన్నా.”

“ఆపకుండా మార్చేకి కాదా?”

“కాదు. నడుస్తుండగా బ్యాటరీ విప్పితే ఆల్టర్నేటర్ కాలిపోతుంది.” కరెంటు పుట్టించే ఆ భాగానికి బ్యాటరీయే పగ్గం.

ఆయన చేయి ఇంజన్ ఆపే తాడు మీద కాసేపు నిలిచింది. భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది. లాగాడు.

పొద్దుటి నుంచి మోగుతున్న ఇంజన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో నాకు వాన వినిపించింది. ఆకుల మీద పడే ఎడతెగని సన్నని వాన. గబగబా కొత్త బ్యాటరీ మీద తువ్వాలు కప్పి తలెత్తాను. ఆకాశంలో మబ్బు లేదు.

నాగమణి నవ్వింది. “వాన కాదన్నా, పురుగులు మేస్తాండాయి. రా, చూద్దువు.”

షెడ్డు గడపలో నిలబడ్డాను. వరుస వరుసల స్టాండ్ల మీద వేలకు వేల తెల్లటి పురుగులు, తలలు పైకీ కిందికీ ఆడిస్తూ ఆకు అంచులు కోస్తున్నాయి. ఒక్కోదానికీ శబ్దమే ఉండదు. అన్నీ కలిస్తే వాన. పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ చప్పుడు అంతవరకూ వినలేదు. ఏడేళ్లుగా ఆ మనిషి ఆరు గదులనూ వారం వారం ఎందుకు కొలిచాడో అప్పుడు నాకు తెలిసింది.

తిరిగి వచ్చి పాతది విప్పాను. కొత్తదానికి ముందు పాజిటివ్, తరువాత నెగటివ్ బిగించాను. క్లాంపు గట్టిగా ఉందో లేదో ఆయన తన చేత్తో ఊపి చూసుకున్నాడు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఆపాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆపి, మళ్లీ తిప్పి, అప్పుడు నవ్వాడు.

“ఇంగ నువ్వు పో అబ్బా. వంక మల్ల పొంగితే ఈడే పండుకోవల్సి వస్తాది.” ఆ మాటంటూనే బండిని తోట వైపు తిప్పాడు.

కొన్నాళ్లకు గూళ్లు మార్కెట్‌కు తెచ్చిన రోజు షాపు ముందు ఆగి, ఒక గూడు నా అరచేతిలో పెట్టాడు. గట్టిగా, నిండుగా ఉంది, బరువు మాత్రం తెలియలేదు.

ఆ రోజు పని నాకు ఒక ప్రశ్న నేర్పింది. అంతకు ముందు షాపుకు వచ్చినవాళ్లను ఏ బండి, ఏ మోడల్ అని అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇంకొకటి కూడా అడుగుతాను. ఆ బండి నిలిచిపోతే ఇంకేం నిలిచిపోతుంది? మొన్న గాండ్లపెంట నుంచి వచ్చిన ఒక పెద్దాయన “మా గొర్రెలకు నీళ్లప్పా” అన్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, హైడ్రోమీటర్ పట్టుకోవడం దగ్గర మొదలుపెట్టాను.