కల్లుగాణ యశోదమ్మ

కర్ణాటకలోని చింతామణిలో యశోదమ్మ నోటికి భయపడేవాళ్ళు కొందరు, చేతికి భయపడేవాళ్ళు అందరూ. తన దగ్గర కొన్న నూనెలో పామాయిలు కలిపి అమ్ముతున్న అంగడివాడి చెంప పట్టపగలు, సంతలో, వాడి పెళ్ళాం ఎదుటే వాయించిన మనిషి ఆమె. ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోక ఏం చేస్తుంది, కల్తీగాడి చెంప పగిలితే ఎవరికి చేదు? కానీ అదే చెయ్యి ఇంట్లో కూడా లేస్తుందని మెచ్చుకున్నవాళ్ళకు తెలియదు.

భర్త శ్రీనివాసప్ప గుండెపోటుతో పోయాక రాతి గానుగ ఆమె చేతికొచ్చింది. పెద్ద రాతి రోలు, అందులో మోటారుతో తిరిగే చెక్క రోకలి. వేరుశనగ విత్తులు పోస్తే నిదానంగా నలిపి నూనె దించుతుంది. కన్నడంలో దాన్ని కల్లుగాణ అంటారు. కల్లంటే రాయి, గాణ అంటే గానుగ. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు కూడా అక్కడ గానుగ అనరు, కల్లుగాణ అనే అంటారు. అలా ఆమె కల్లుగాణ యశోదమ్మ అయింది.

మరిది అమరేష్ బాగేపల్లి, చిక్కబళ్ళాపురం అంగళ్ళకు నూనె డబ్బాలు చేరవేసేవాడు. వాడిదీ దుడుకు చెయ్యే. శ్రీనివాసప్ప బతికున్నన్నాళ్ళూ పెళ్ళాన్నీ తమ్ముణ్ణీ ఒకే కట్టెతో బాదేవాడు. ఆయన పోయాక కొట్టుకోవడానికి వాళ్ళిద్దరే మిగిలారు.

ఈ మధ్య బెంగళూరు వాళ్ళు ఫోను చేసి, నూనె ఎలా తీస్తారో చదవాలి, మీకు వెబ్‌సైటు ఉందా అని అడగడం మొదలుపెట్టారు. చిక్కబళ్ళాపురం కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు వినుత ఒక ఆదివారం తల్లినీ చిన్నాయననూ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"అమ్మా, రెండు దార్లుండాయి. ఒకటి ఫ్రీ బ్లాగు. ఇప్పుడే తెరవచ్చు. కానీ మన పేరు వెనక బ్లాగు ఇచ్చే కంపెనీ పేరు తోక మాదిరి ఉంటాది. వాళ్ళు మూసేస్తే మనం రోడ్డు మీద ఉంటాము. ఇంకోటి, మన పేరు మనమే కొని, నెట్‌లో జాగా బాడుగకు తీసుకొని, దాంట్లో సొంత సైటు పెట్టుకొనేది. ఏటేటా దుడ్డు కట్టల్ల. జాగా నచ్చకుంటే రాసిందంతా మూట కట్టుకొని ఇంకో చోటికి పోవచ్చు."

"ఎవరి పేరున ఉంటాది?" అని అడిగింది యశోదమ్మ. అంత సూటి ప్రశ్న కాలేజీలో కూడా ఎవరూ అడిగి ఉండరు.

"ఎవరి మెయిలుతో తెరిస్తే వాళ్ళదే."

"ఫ్రీగా ఇచ్చేవాళ్ళుంటే దుడ్డు తగలేసేది ఎందుకు వదినా?" అన్నాడు అమరేష్.

"ఆలోచిస్తాములేప్పా," అంది ఆమె. ఆలోచించే వ్యవధి వాడు ఇవ్వలేదు. మరునాడే బాగేపల్లి బస్టాండులో కూర్చుని, తన ఫోనులో, తన మెయిలుతో ఫ్రీ బ్లాగు తెరిచేశాడు. మీసం మెలేసిన ఫొటో పెట్టాడు. కింద ఓనరు అని తన పేరు రాసుకున్నాడు. మదనపల్లె వైపు గిరాకీ కోసం తెలుగులోనూ ఉండాలనిపించింది. వాడు చదివింది కన్నడం. కన్నడంలో రాసిన 'కల్లుగాణ ఎణ్ణె'ను ఫోను తెలుగు అక్షరాల్లోకి మార్చిపెట్టింది. ఎణ్ణె అంటే కన్నడంలో నూనె. పేరు మరీ పొడుగైందని మధ్యలోని గాణను తీసేశాడు మహానుభావుడు. చివరికి మిగిలింది ఇది: 'చింతామణి కల్లు ఎణ్ణె. ఎంత కావాలంటే అంత.'

తెలుగులో కల్లంటే ఏమిటో వాడికి తెలియక కాదు. పుట్టినప్పటి నుంచీ గానుగను ఆ పేరుతో పిలిచిన నోటికి ఇంకో అర్థం తట్టలేదు, అంతే. ఎణ్ణె కూడా ఆ సీమలో తాగేవాళ్ళ మాటల్లో నూనె కాదు, మందు.

వారం తిరక్కుండానే మదనపల్లె దిక్కు నుంచి ముగ్గురు బైకు మీద దిగారు. అప్పటికే పూటుగా తాగి ఉన్నారు.

"కల్లు యాడుండాదమ్మా?"

"కల్లు లేదు, గిల్లు లేదు. ఇది నూనె తీసే చోటప్పా."

"ఫోనులో రాసి, ఇప్పుడు దాస్తాండావా?" అంటూ ఒకడు నూనె డబ్బాను తన్నాడు. అడ్డం వచ్చిన ముసలి పనివాడు నంజప్పను ఇంకొకడు తోశాడు. నంజప్ప తల రోలు అంచుకు తగిలి చిట్లింది. నేలంతా నూనె, నూనెలో నెత్తురు. యశోదమ్మ మూలనున్న గడ్డపార అందుకుని, తోసినవాడి కాలి మీద ఒక్కటి వేసింది. ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినబడింది. మిగిలిన ఇద్దరూ వాణ్ణి బైకు మీద వేసుకుని పారిపోయారు.

నంజప్పకు కుట్లు పడ్డాయి. సంగతేమిటని యశోదమ్మ కూతురికి ఫోను చేసింది. వినుత బ్లాగు వెతికి, రాతనూ ఫొటోనూ ఓనరు పేరునూ చదివి వినిపించింది. యశోదమ్మకు కల్లు మాట కన్నా ఓనరు మాట ఎక్కువ మంట పెట్టింది. పదేళ్ళుగా శనగవిత్తుల దుమ్ము మింగింది ఎవరు? మోటారు కాలిపోయినప్పుడు తాళి తాకట్టు పెట్టింది ఎవరు?

సాయంత్రం అమరేష్ వచ్చేసరికి గానుగ తిరుగుతోంది.

"ఆ బ్లాగు తీసెయ్," అంది.

"ఒక మాట మారిస్తే సరిపోతాది. తీసేది లేదు."

"ఓనరువా నువ్వు?"

"బ్లాగు నాది, మెయిలు నాది. అన్న సొత్తులో నాకు పాలు లేదా? మొగుడు చచ్చిన ముండ పేరు పెట్టుకుంటే ఎవరు కొంటారు?"

ఆమె చెయ్యి లేచింది. చెంపదెబ్బ పడిందో లేదో, వాడు పిడికిలి బిగించి మూతి మీద గుద్దాడు. ముందు పన్ను ఊడి నాలుక మీద పడింది. నెత్తురుతో పాటు ఉమ్మేసి, వాడి చొక్కా జేబులోని ఫోను లాగి, తిరుగుతున్న రోట్లోకి విసిరింది. ఫోను నలిగితే బ్లాగు చస్తుందనుకుంది పాపం.

అమరేష్ ఒక్క ఉరుకున రోట్లో చెయ్యి పెట్టాడు. ఫోను అందింది. రోకలీ వచ్చింది.

వాడి కేక విని ఇరుగుపొరుగు పరుగున బయలుదేరారు. స్విచ్చు యశోదమ్మ పక్కనే, స్తంభానికి ఉంది. ఆమె చెయ్యి అప్పటికే దాని మీద ఉంది. అయినా నొక్కలేదు. రోకలి ఇంకో చుట్టు తిరిగి, వాడి కేక గొంతులోనే తెగిపోయాక నొక్కింది. ఆ లోపు ఆమె మనసులో ఉన్నది కోపం కాదు, హాయి.

ఆసుపత్రిలో కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. ఎలా జరిగిందని అడిగినవాళ్ళందరికీ అమరేష్ ఒకటే చెప్పాడు, చెయ్యి జారిందని. ఫోను పిప్పి అయినా బ్లాగు మీసం మెలేసుకుని అలాగే ఉంది. వినుత వెళ్ళి అడిగితే పాస్‌వర్డు చెప్పేశాడు. ఆ అమ్మాయి దాన్ని తుడిచేసి, తల్లి మెయిలుతో, తల్లి పేరున సొంత సైటు తెరిచింది. ఓనరు పేరు దగ్గర యశోదమ్మ అని పడింది. ఆమె అడిగింది ఆమెకు దక్కింది. కానీ దాన్ని కూతురు ఫోనులో చూపిస్తే ఆమె సరిగ్గా చూడనే లేదు.

ఆ మధ్యాహ్నం చారన్నం కలుపుకుని ఆసుపత్రికి వెళ్ళింది. వాడి కుడిచెయ్యి కట్టులో ఉంది. మంచం అంచున కూర్చుని ముద్ద చేసి నోటికందించింది. పన్ను పోయిన సందులోంచి మాట ఈలలా వచ్చింది.

"అమరేషా, స్విచ్చు మీదనే ఉండె నా చెయ్యి. చూస్తానే ఉంటిని. ఆపలేదు."

అమరేష్ ముద్ద నమిలి మింగాడు.

"తెల్సు వదినా. నేనైతే ఆపేవాణ్ణే కాదు," అని, ఇంకో ముద్దకు నోరు తెరిచాడు.