కాలుతున్న కాగితం వాసనంటే నాకెందుకంత ఇష్టం

మూడు రోజుల జ్వరం తగ్గి మళ్ళీ పనిలోకి దిగిన మొదటి రోజు అది. తెల్లారకముందే మా ఆయనతో కలిసి చేపల మార్కెట్టుకు వెళ్ళాను. ఒక శీలావతి చేపను చేతిలోకి తీసుకుని, మొప్ప ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. ఇంకోటి తీశాను. అదీ అంతే. ఇంత తాజా సరుకు ఎక్కడిదని వ్యాపారిని అడిగాను కూడా. రోజూ వచ్చే కైకలూరు సరుకేనన్నాడు. అప్పుడు చుట్టూ చూశాను. ఐసు పెట్టెలు, తడి నేల, ఎటు చూసినా చేపలే. వాటి మధ్య నిలబడి ఉన్నాను గానీ మార్కెట్టు వాసనే లేదు.

జలుబు చేసిందేమో, నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను. ఇంటికొచ్చి ఇంగువ డబ్బా మూత తీశాను. లేదు. జండూబామ్ రాసుకుంటే కళ్ళు మండాయి గానీ వాసన లేదు. మా ఆయన వెల్లుల్లి దంచి తెచ్చి ముక్కు కింద పెట్టి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

మా బతుకంతా ముక్కు మీదే నడుస్తుంది, అది చెప్పాలి. విజయవాడలో అపార్ట్‌మెంట్లకు చేపలు కోసి, కడిగి, ఉప్పూ కారం పట్టించి ఇస్తాం. సరుకు ఏరడం నా పని. కోయడం, ఇళ్ళకు చేర్చడం మా ఆయన పని. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు నేర్పిన మొదటి విద్య మొప్ప ఎత్తి వాసన చూడటం. రంగు చూసి కొనడం ఆవిడకు అసలు నచ్చదు. మోకాళ్ళు అరిగిపోయి నడవలేక, ఆ పని నాకప్పగించి ఇంట్లో కూర్చుని ఐదేళ్ళయింది.

వాసన పోయిన సంగతి ఆవిడకు చెప్పలేదు. మొప్పల ఎరుపు చూసి కొనేశాను. రెండో వారంలో మూడిళ్ళ నుంచి ముక్కలు తిరిగొచ్చాయి. ఒక ఇంట్లో చంటిపిల్లకు ముల్లు తీసి నోట్లో పెట్టబోతూ ఆగారట. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మా అత్తగారు ఒక్క మాట కూడా తిట్టలేదు. మర్నాడు తెల్లవారుజామున చీర మార్చుకుని, మోకాళ్ళకు నూనె రాసుకుని, మాకంటే ముందు వాకిట్లో నిలబడింది. డెబ్బై ఏళ్ళ మనిషి నా వల్ల మళ్ళీ ఆ తడి నేల మీద నడవాల్సి వచ్చింది. నాకు సిగ్గేసింది.

ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ముక్కులోకి సన్నని గొట్టం పెట్టి నేసల్ ఎండోస్కోపీ చేశారు. తర్వాత ఎమ్మారై కూడా తీయించారు. రెండూ నార్మల్. నార్మల్ అని వినగానే నేను లేచి నిలబడ్డాను. ఆయన కూర్చోమన్నారు.

“పోస్ట్ వైరల్ అనాస్మియా అంటారమ్మా దీన్ని. ముక్కు దారి బాగానే ఉంది, వాసన పట్టే నరాలు దెబ్బతిన్నాయి. తిరిగొచ్చే అవకాశం ఉంది గానీ ఎప్పుడు, ఎంత అని నేను మాటివ్వలేను.”

గ్యాస్ లీకయినా, అన్నం పాచిపోయినా, ఏదైనా మాడినా నాకు తెలియదు కాబట్టి వంటింట్లో ఒంటరిగా ఉండొద్దని కూడా చెప్పారు. ముప్పై ఏళ్ళుగా వంటింట్లో ఉన్నదాన్ని, చిన్నపిల్లలా తోడు కావలసి వచ్చింది.

మందుల కంటే ముఖ్యమైనది స్మెల్ ట్రైనింగ్ అన్నారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. పొద్దునా సాయంత్రం ఒక్కోదాన్నీ ఇరవై సెకన్ల పాటు వాసన చూస్తూ, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. నాలుగు సీసాలు ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. పూజ చేసుకుంటున్నాననుకుని పాలవాడు మాట్లాడకుండా పాలు పెట్టి వెళ్ళేవాడు. నాలుగు నెలలు చేశాను. నాలుగు సీసాల్లోనూ మంచినీళ్ళున్నట్టే ఉండేది.

ఐదో నెలలో ఒక పొద్దున కాఫీ గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టేశాను. రొయ్యల పొట్టు వారం రోజులు ఎండలో కుళ్ళితే ఎలా ఉంటుందో కాఫీ అలా ఉంది. వాసన వచ్చింది గానీ తప్పు వాసన వచ్చింది. ఆ మధ్యాహ్నం మా అత్తగారు బాణలి పెట్టి చేప వేపుతుంటే రబ్బరు కాలినట్టు, మురుగు పొంగినట్టు ఒక కంపు. వాంతి చేసుకున్నాను. ఉల్లిపాయ, వెల్లుల్లి, కోడిగుడ్డు, కాగే నూనె అన్నిటికీ అదే కంపు. నెల తిరిగేసరికి ఆరు కిలోలు తగ్గిపోయాను.

ఏడుస్తూ వెళితే డాక్టరు గారు సంతోషించారు. నాకు ఒళ్ళు మండింది. దీన్ని పరోస్మియా అంటారని, నరాలు మళ్ళీ దారి వెతుక్కుంటున్నాయనడానికి ఇది చాలామందిలో మంచి గుర్తేనని ఆయన ఓపిగ్గా చెప్పారు. వేపుళ్ళు మానేసి, పదార్థాలు చల్లారాక తినమన్నారు. చేపల వాళ్ళింట్లో వేపుడు మానేయమంటే ఏం చెప్పాలి ఆయనకు?

మా అమ్మాయి హారికకు మంగళగిరిలో ఉద్యోగం. నా పరిస్థితి విని, తర్వాతి ఆదివారం ఒక పెద్ద అట్టపెట్టెతో దిగింది. అందులో ఎయిర్ ఫ్రయ్యర్. కాగే నూనె ఉండదు, మూసిన డ్రాయరులో వేడిగాలికే వేగుతుంది, కిటికీ పక్కన పెట్టుకుంటే కంపు ఇల్లంతా పట్టదని చెప్పింది. మా అత్తగారు దాన్ని చుట్టూ తిరిగి చూసి, రైస్ కుక్కర్‌కి అన్నలా ఉందంది.

మొదటి రోజు పండుగప్ప ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి, ఒక్క చెంచా నూనె చేత్తో పులిమి లోపల పెట్టాం. నూట ఎనభై డిగ్రీలు, పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగేయడం. నేను హాల్లో కూర్చున్నాను. కంపు రాలేదు. చల్లారాక ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. పైన కరకర, లోపల మెత్తన. రుచి సగమే తెలిసింది, అయినా నాలుక మీద ఉప్పూ పులుపూ ఉన్నాయి, పంటి కింద చప్పుడు ఉంది. మూడు ముక్కలు తిన్నాను. నా పళ్ళెం వైపే చూస్తున్న మా ఆయన కళ్ళు తుడుచుకోవడానికి బయటికి వెళ్ళాడు.

ఇక నన్ను పట్టలేకపోయారు. రొయ్యలు, కొరమేను, చివరికి బెండకాయలు కూడా అందులోనే. కాకపోతే చేప నీరు దిగి డ్రాయరులోని జాలీకి అంటుకుపోతోంది, కడగలేక చస్తున్నాం. హారిక పేపర్ లైనర్లు తెప్పించింది, గిన్నెలా మడతపెట్టి ఉన్న తెల్ల కాగితాలు. కాగితం పరిచి, ముక్కలు పేర్చి, అప్పుడు స్విచ్చి. కొన్నాళ్ళు బాగానే నడిచింది.

తర్వాత ఎవరో ముందుగా ఐదు నిమిషాలు ఖాళీగా వేడి చేస్తే ముక్క ఇంకా కరకరలాడుతుందన్నారు. ఇక్కడే నా చేపల బుద్ధి నన్ను దెబ్బ కొట్టింది. మా వాళ్ళెవరూ ఒట్టి గంపలో చేప పెట్టరు. అడుగున ఆకో గోనెపట్టో పరిచి సిద్ధంగా ఉంచుకుని, అప్పుడు చేప కోసం చూస్తాం. అది చేతికి పట్టేసిన అలవాటు. ఒక ఆదివారం అలాగే డ్రాయరు లాగి, అడుగున కాగితం పరిచి, మూసి, వేడెక్కడానికి స్విచ్చి వేశాను. అటు తిరిగి ముక్కలకు కారం పట్టిస్తున్నాను. హారిక హాల్లో ఫోను చూసుకుంటోంది. మా అత్తగారు గుమ్మంలో కూర్చుని గోంగూర గిల్లుతోంది.

ఏదో కాలుతోంది అనిపించింది. బయట ఎవరో చెత్త కాగితాలు తగలబెడుతున్నారనుకుని కారం పట్టిస్తూనే ఉన్నాను. రెండు చేపముక్కల తర్వాత నా చేతులు ఆగిపోయాయి. కాగితం. కాలుతున్న కాగితం. రబ్బరు కాదు, మురుగు కాదు, కుళ్ళిన రొయ్య కాదు. కాగితం కాలితే ఎలా ఉండాలో అచ్చం అలాగే ఉంది.

నేను చేయవలసింది స్విచ్చి ఆపడం. చేసింది ఏమిటంటే, కారం చేతులతో అక్కడే నిలబడి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చాను. ఒకసారి చాలక మళ్ళీ పీల్చాను. “ఏమండీ, వాసన వస్తోందండీ, నాకు వాసన వస్తోంది” అని కేక పెట్టాను. వెనకాల మిషన్ లోంచి పొగ లేస్తూనే ఉంది.

మా అత్తగారు ఆ మోకాళ్ళతో ఎలా పరుగెత్తిందో తెలియదు, వచ్చి ప్లగ్గు పీకేసింది. “వాసన తర్వాత చూసుకుందువు గానీ, ఇల్లు తగలబెడతావేంటే” అంది. మా ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చాడు. హారిక ఆయన్ని ఆపి, డ్రాయరు తెరవకుండా అలాగే వదిలేయమంది. పొగ తగ్గాక, బాగా చల్లారాక తెరిచి చూస్తే కాగితం అడుగున లేదు. పైకి లేచి, పైనున్న వేడి కాయిల్‌కు అంటుకుని సగం బూడిదైంది. మిగిలిన సగం నేను రెండు రోజులు కొంగున కట్టుకుని తిరిగాను. మధ్యమధ్యలో తీసి వాసన చూసుకునేదాన్ని. అందరూ నవ్వితే నవ్వారు.

డాక్టరు గారికి చెబితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి మరీ నవ్వారు. తర్వాత ముఖం సీరియస్‌గా పెట్టారు.

“ఒక వాసన సరిగ్గా తెలిసిందంటే చాలా మంచి సైన్ అమ్మా. కానీ మీ ముక్కు ఇంకా పేషెంటే. దాన్ని కాపలా పెట్టుకుని వంట చేయకండి.”

తర్వాతి ఆదివారం హారిక వచ్చి, మిషన్‌తో ఇచ్చిన పుస్తకం తీసి నా చేత చదివించింది. అందులో అంతా ఉంది, మనమే చదవం. లోపలి ఫ్యాన్ గాలికి ఒట్టి కాగితం పైకి లేచి కాయిల్‌కు తగులుతుంది. అందుకే ముందు వేడి చేసేటప్పుడు లైనర్ ఉండకూడదు. పదార్థం బరువు మీద పడ్డాకే అది లోపల ఉండాలి. జాలీ కంటే చిన్నదిగా ఉండాలి, అంచులు పదార్థం కంటే పైకి లేవకూడదు, పక్కల నుంచి గాలి తిరగాలి. మైనం పూసిన కాగితం అసలు పనికిరాదు, కరుగుతుంది. లైనర్ ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల వరకని రాసి ఉంటుందో అది దాటకూడదు. జిడ్డు పట్టినదాన్ని దాచుకుని మళ్ళీ వాడకూడదు. ఆ చివరిది మా అత్తగారికి నచ్చలేదు, వింది మాత్రం.

వాసన పోయి ఇప్పటికి ఏడాది దాటింది. నిమ్మ, లవంగం పూర్తిగా వచ్చాయి. గులాబీ కొంచెం. ఉల్లిపాయ మామూలైంది. కాఫీ ఇంకా నాతో అలిగే ఉంది. సీసాలు రెండు పూటలా చూస్తూనే ఉన్నాను. మా ఖాతాదారుల్లో చాలామంది ఎయిర్ ఫ్రయ్యర్‌కే ముక్కలు అడుగుతున్నారు కాబట్టి, ప్రతి ప్యాకెట్ మీద ఒక చీటీ అంటిస్తున్నాను. మీకూ చెప్పే సలహా అదే. మిషన్‌ను ఒట్టిగా వేడి చేయండి, లైనర్ బయటే ఉంచి దాని మీద ముక్కలు పేర్చండి, రెండూ కలిపే లోపల పెట్టండి.

మా అత్తగారు మాత్రం కాలిన కాగితానికి లొంగలేదు. పొగ ఎవరికైనా తెలుస్తుంది, మొప్ప సంగతి వేరంది. నెలల తరబడి ఇద్దరం కలిసే మార్కెట్టుకు వెళ్ళాం. ఆవిడ ముందు వాసన చూసి, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా చేప నా చేతికిచ్చేది. నేను మంచిదో కాదో చెప్పాలి. మొదట్లో సగం తప్పులే. తర్వాత తప్పులు తగ్గాయి. అయినా ఆవిడ రావడం మానలేదు, నేనూ ఇంట్లో ఉండమని అడిగే ధైర్యం చేయలేదు.

మొన్న ఒక రోజు పండుగప్ప గంప ముందు కూర్చున్నాం. ఆవిడ ఒక పెద్ద చేప మొప్ప ఎత్తి చూసి, బాగుందని చెప్పి, మా బుట్టలో వేయబోతూ అలవాటుగా నాకిచ్చింది. నేను వాసన చూశాను. లోపలెక్కడో సన్నగా పులిసిన వాసన. ఆవిడ బాగుందన్నాక నాదే పొరపాటేమో అనుకున్నాను. మళ్ళీ చూశాను. ఉంది. తిరిగొచ్చిన ముక్కలు గుర్తొచ్చాయి, ఆ చంటిపిల్ల గుర్తొచ్చింది.

“ఇది వద్దత్తయ్యా” అన్నాను.

ఆవిడ చేప తీసుకుని ఇంకోసారి వాసన చూసింది. తల అడ్డంగా ఊపింది, ఆవిడకేమీ తెలియడం లేదు. పెద్దమ్మగారే బాగుందన్నాక ఇంకేమిటని వ్యాపారి విసుక్కున్నాడు. ఆవిడ నా ముఖంలోకి కాసేపు చూసి, చేపను అతని గంపలో పడేసింది.

“మా కోడలు వద్దంది. వేరేది తియ్యి.”

మర్నాడు తెల్లవారుజామున నేను చెప్పులు వేసుకుంటుంటే, ఆవిడ దుప్పటి ముసుగు తన్ని పడుకునే ఉంది. లేపలేదు. ఆ రోజు సరుకంతా నేనే ఏరాను.