వంటకు ముందు ఏం చేయాలి?

నా కూతురికి నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. ఏం కావాలన్నా వేలు చూపేది, ఇవ్వకపోతే ఏడ్చేది. పాలమూరు దవాఖానలో పరీక్షించి చెవులు బాగానే ఉన్నాయన్నారు. టీవీ తగ్గించి, పిల్లతో మాట్లాడమన్నారు. మాట్లాడటానికి నేనెక్కడున్నాను? షాద్‌నగర్‌లో కంపెనీ ఉద్యోగం, పొద్దున్నే బస్సు.

పిల్లను చూసుకోవడానికి మక్తల్ దగ్గరి ఊరి నుంచి మా అత్తమ్మ వచ్చింది. ఒక్కతే రాలేదు, రెండు మేకలను వెంటబెట్టుకొచ్చింది. కిరాయి ఇంటి ఓనరమ్మను ఎలా ఒప్పించిందో నాకిప్పటికీ తెలియదు. ఆ నోటికి జడిసే ఒప్పుకుని ఉంటుంది.

ఒక సెలవు రోజున చూద్దును కదా, అవ్వా మనుమరాలూ టీవీ ముందు కూర్చున్నారు. చిన్నపిల్లలకు వంట నేర్పే కార్యక్రమం అది. అన్నీ పొయ్యి అక్కర్లేని వంటలే: అటుకుల్లో బెల్లం కలపడం, కీరా ముక్కల మీద నిమ్మకాయ పిండటం. మొదలుపెట్టే ముందు, ఆ కార్యక్రమం నడిపే అక్క "వంటకు ముందు ఏం చేయాలి?" అని అడిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కాసేపు ఆగింది.

నాకు ఒళ్లు మండింది. "డాక్టర్ వద్దన్నడు గదా అత్తమ్మా! మళ్ల గీ టీవీ ఏంది?"

"జర ఊకో. ఆ పిల్ల అడుగుతాంది, నా మనుమరాలు చెప్పాలె," అంది అత్తమ్మ. పిల్లవైపు తిరిగి అదే ప్రశ్న తానూ అడిగింది. చాలాసేపు చూసింది. జవాబు రాకపోయేసరికి "సేతులు గడుక్కోవాలె," అని తనే చెప్పింది.

మర్నాడు రిమోట్‌ను నా సంచిలో వేసుకుని కంపెనీకి పోయాను. టీవీకి పక్కన బటన్ ఉంటుందని అత్తమ్మకు తెలుసన్న సంగతి నాకు తెలియలేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక సాయంత్రం అత్తమ్మ మేకలకు ఆకు వేసి వచ్చి, అలాగే జొన్నపిండి ముందు కూర్చుంది. మరిగిన నీళ్లు పోసి గరిటెతో కలిపింది. ఇక చెయ్యి పెట్టబోతుండగా, గోడకు ఆనుకున్న పిల్ల దిగ్గున లేచింది.

"అవ్వా! సేతులు!"

ఊళ్లో ఎవరి మాటా పడని మనిషి, కిక్కురుమనకుండా లేచి తొట్టి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది. "మంచిగ కడిగిన్నా బిడ్డా?" అని రెండు చేతులూ చాపింది. పిల్ల వాసన చూసి తలూపింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఈలోగా పిండి చల్లారి రొట్టెలన్నీ విరిగిపోయాయి. ఆ రోజు ముక్కలే తిన్నాం.

నేనూ పిల్లను అడిగేదాన్నే. కానీ బస్సు తొందరలో జవాబు కూడా నేనే చెప్పేసేదాన్ని. టీవీలో అక్క ఆగేది. అత్తమ్మ అంతకంటే ఎక్కువసేపు ఆగేది. పేరైనా తెలియని ఆ టీవీ అమ్మాయి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. నీ వల్లే పిల్లకు మాటొచ్చిందని అత్తమ్మకైతే నేను నోరారా చెప్పనేలేదు, చెబితే తిడుతుందని.

ఇప్పుడు నా కూతురు బడికి పోతోంది. ఒట్టి వాగుడుకాయ. ఆ కార్యక్రమం రావడం ఎప్పుడో ఆగిపోయింది. అత్తమ్మ మాత్రం రోజూ మేకల దగ్గర నుంచి నేరుగా వచ్చి, ఆ మట్టి చేతులతోనే పిండి ముందు కూర్చుంటుంది. నీళ్లు పోసి, కలిపి, మనుమరాలి వైపు చూస్తూ ఆగుతుంది.

"పిండి సల్లారుతాంది అత్తమ్మా," అంటాను నేను.

"సల్లారనియ్యి," అంటుంది.