నేను తిట్టిన బొమ్మలు

మా బీరువాలో పదిహేడు బొమ్మలున్నాయి. ఒక్కటి కూడా నాకు నచ్చలేదు. నచ్చలేదు కాబట్టే అవి నా దగ్గరికి వచ్చాయి. ఈ సంగతి ఎవరికి చెప్పినా ఒకసారి నన్ను, ఒకసారి బీరువాను చూసి మాట మారుస్తారు. మార్చనీ. నాకే సరిగ్గా అర్థం కానిది వాళ్లకు అర్థం కావాలని పట్టుబట్టడానికి నేనెవర్ని?

తొంభైల మొదట్లో మేం అశోక్ నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. మేం వేయించుకునే పేపర్లో రోజూ ఒక మూల మూడు గళ్ల బొమ్మ వచ్చేది. ఒక మొగుడు, ఒక పెళ్లాం. మొదటి గడిలో మొగుడు ఏదో అంటాడు. రెండో గడిలో పెళ్లాం కళ్లు పెద్దవి చేస్తుంది. మూడో గడిలో ఆమె నెత్తి కొట్టుకుంటుంది, ఊరంతా నవ్వుతుంది. మా ఆయనా నవ్వేవాడు, పేపరు చాటు నుంచి, "హుఁ" అని. ఆ చప్పుడు వినబడ్డ ప్రతిసారీ నేను సంపాదకుడికి ఉత్తరం రాసేదాన్ని.

"మూడేళ్లుగా చూస్తున్నాను. ఆ ఇల్లాలు 'నా ఖర్మ' తప్ప రెండో మాట అనలేదు. ఆమెకు నోరు లేదా? మీ చిత్రకారుడి ఇంట్లో ఆడవాళ్లు మూగవాళ్లా?" నేను రాసినవాటిలో కాస్త మర్యాదగా ఉన్నది ఇదే. ఐదు రాస్తే ఒకటి వేసేవాళ్లు, అదీ తలా తోకా కత్తిరించి.

ఒక ఆదివారం పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో సన్నటి మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. చొక్కా జేబు కింద నల్లసిరా మరక. చంకలో పాత క్యాలెండరు కాగితం చుట్టిన పొడుగాటి అట్ట.

"మేడమ్ గారూ, మీరు తిట్టింది నన్నేనండి," అన్నాడు.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అలా జరగడం నా జీవితంలో అరుదు. వెనక నుంచి మా ఆయన, "లోపలికి రండి సార్, కూర్చోండి. మా ఇంట్ల తిట్లు తినేటోళ్లకు టీ ఫ్రీ," అన్నాడు.

ఆయన కూర్చోలేదు. అట్ట నా చేతిలో పెట్టి, "మొన్న మీరు తిట్టిన బొమ్మేనండి, నేను చేత్తో గీసిన అసలుది. తిట్టింది మీరు కనుక మీ దగ్గరే ఉండాలి," అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఉత్తరం కింద నేను రాసిన అడ్రసు చూసి, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో ఉన్న తన ఇంటి నుంచి నడిచి వచ్చాడట. ఇది చురకా, కానుకా? ఆ రోజంతా మా ఆయనతో వాదించాను. ఆయన చురక అన్నాడు కాబట్టి నేను కానుక అన్నాను. ఆయన "సరే, కానుకే" అనగానే నాకు చురకేమో అని అనుమానం వచ్చింది.

బొమ్మ మాత్రం నేను అనుకున్నట్టు లేదు. పేపర్లో జానెడు కనిపించేది ఇక్కడ మూరెడుంది. మొగుడి మీసంలో ఒక్కో వెంట్రుకా పాళీతో గీసింది. నల్లగీతల కింద నీలం పెన్సిలు గీతలు. నీలం అచ్చులోకి రాదని తర్వాత తెలిసింది. చెయ్యి తప్పిన చోట తెల్లరంగు పులిమి మళ్లీ గీశాడు. మాటల బుడగ మీద చిన్న కాగితం ముక్క అతికించి, దాని మీద "నా ఖర్మ!" అని గుండ్రటి అక్షరాలు. అచ్చులో నెత్తి కొట్టుకునే పెళ్లామే, ఇక్కడ చూస్తే ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టుంది. అది నా కళ్ల భ్రమ అనుకున్నాను.

ఆ తర్వాత అదే అలవాటైపోయింది. నేను ఉత్తరం రాయడం, పేపరువాళ్లు వేసినా వేయకపోయినా దాన్ని ఆయనకు అందించడం, ఏదో ఒక ఆదివారం ఆయన నేను తిట్టిన బొమ్మ పట్టుకుని రావడం. టీ తాగేవాడు కాదు, జవాబు చెప్పేవాడు కాదు. "ఇది కూడానా సార్?" అంటే "ఇదీ మీదేనండి," అనేవాడు. ఐదేళ్లలో పద్దెనిమిది పోగయ్యాయి. అవి నావేనా? నావి కాకపోతే ఆయనవా, పేపరువా? సివిక్స్ చెప్పేదాన్ని కదా, హక్కుల గురించి పిల్లల ముందు గంటసేపు మాట్లాడగలను. నా పరుపు కింద ఉన్న అట్టల మీద హక్కు ఎవరిదో మాత్రం చెప్పలేకపోయాను.

ఐదో ఏట వానలకు మా గోడ చెమ్మెక్కింది. పరుపు కింద చెయ్యి పెడితే అట్టలు మెత్తగా తగిలాయి. రెండింటి అంచుల్ని పురుగు కొరికింది. ఒక్కోదాన్నీ కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. నచ్చని బొమ్మల కోసం ఇంత హైరానా ఏమిటో! మా ఆయన, "ల్యామినేషన్ చేయించు. నా డిగ్రీ పట్టా పదేండ్ల సంది చెక్కుచెదరలే," అన్నాడు. అప్పట్లో మా పేటలో విలువైనదేది కనబడ్డా ప్లాస్టిక్‌లో మూసేయడమే. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు మార్కుల మెమో నుంచి కులం సర్టిఫికెట్ దాకా అన్నీ ల్యామినేషన్ చేయించేవాళ్లు. మా సందు చివరి జిరాక్స్ షాపులో ఆ మిషన్ పొద్దస్తమానం వేడిగానే ఉండేది.

అన్నీ ఒకేసారి ఇచ్చేంత తెలివితక్కువదాన్ని కాదు. మూడు పట్టుకెళ్లాను.

"అక్కా, పరేషాన్ గాకు," అన్నాడు షాపతను. "ఒక్కసారి ఏసినమంటే నీళ్లల్ల పడేసినా ఏం గాదు. నీ మనుమల దాంక ఉంటది."

"నాకు పెండ్లీడు పిల్లలే లేరు, మనుమల దాంక పోయినవా నువ్వు?"

లైన్లో నిలబడ్డ పిల్లలు నవ్వారు. ఒకడు మెడ చాచి, "మేడమ్, ఇది పేపర్ల వచ్చే బొమ్మ గదా? ఇంత పెద్దగ గీస్తరా?" అన్నాడు. నేను గీసినంత గర్వంగా తలూపాను.

రెండు బాగానే వచ్చాయి. అద్దంలా తళతళలాడాయి. మూడోది రోలర్ల మధ్య నుంచి బయటికి వచ్చేటప్పుడే తేడా కనబడింది. వేడికి జిగురు కరిగి, బుడగ మీది కాగితం ముక్క కిందికి జారి, ముడతపడి, అలాగే ప్లాస్టిక్ లోపల బిగుసుకుపోయింది. "నా ఖర్మ!" ఇప్పుడు పెళ్లాం మోచేతి మీద ఉంది. అది ఉండాల్సిన చోట వేరే మాటలున్నాయి. అదే చేతిరాత.

మొదటి గడిలో మొగుడు, "మా వాళ్లు నలుగురు భోజనానికి వస్తున్నారోయ్," అంటున్నాడు. మూడో గడిలో ఆమె చెబుతోంది: "మా నాన్న పోయిన రోజు కూడా మీ వాళ్లకి వడ్డించాకే బయల్దేరాను."

"జర పక్కకు వొయింది గంతే అక్కా," అన్నాడు షాపతను. "మంచిగనే కనవడుతుంది."

మంచిగానే కనబడుతోంది. అదే కదా బాధ. అక్కడే నిలబడి నాలుగుసార్లు చదివాను. ఈ బొమ్మ గురించే నేను "మూగవాళ్లా?" అని రాశాను. మాట ఉంది. ఎవరో మూశారు. పేపరు ఆఫీసువాళ్లే అయి ఉంటారని ఖాయం చేసుకున్నాను. ఐదేళ్లు తప్పు మనిషిని తిట్టానా? తిడుతుంటే ఆయన ఎందుకు ఊరుకున్నాడు? మిగతా బొమ్మల్లో పది పదకొండింటి మీద ఇలాంటి ముక్కలే ఉన్నాయి. వాటి కింద ఏముంది?

అటునుంచి అటే చిక్కడపల్లి నడిచాను. తలుపు ఆయన భార్య తీసింది. అరవై ఏళ్ల మనిషి, చేతికి శనగపిండి. ఐదేళ్లలో ఆమెను చూడటం అదే మొదటిసారి. ఆయన కిటికీ దగ్గర బల్ల ముందు పాళీ తుడుచుకుంటున్నాడు.

నేను ఉపోద్ఘాతాలు చెప్పే రకం కాదు. బొమ్మ బల్ల మీద పెట్టి, "సార్, ఆఫీసోళ్లు మీ మాట మారుస్తుంటే మీరెందుకు ఊకున్నరు?" అన్నాను.

ఆయన బొమ్మ వంక చూశాడు. తర్వాత భార్య వంక చూశాడు. ఆమె వచ్చి, పిండి చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి చదివింది.

"ఆఫీసువాళ్లు కాదమ్మా," అంది చివరికి. "నేనే మార్పించాను."

"మీరా?"

"రోజూ కాఫీ ఇచ్చేటప్పుడు చూస్తాను కదా. ముందురోజు ఇంట్లో నేనన్న మాట తెల్లారేసరికి ఆ బుడగలో ఉంటుంది. ఇది మా ఇద్దరి మధ్య మాట. పొద్దున్నే టీ తాగుతూ ఊళ్లోవాళ్లంతా నవ్వుకోవడానికా? తీసెయ్యమంటే ఈయన ముక్క అతికించేవాడు."

"మరి 'నా ఖర్మ' ఎందుకు పిన్నిగారూ? దానికంటే..."

"అది అందరూ అనేదే. దాన్ని చూసి నన్నెవరూ గుర్తుపట్టరు."

ఇన్నేళ్లు ఏ ఇల్లాలి తరఫున పేపరుతో కొట్లాడానో ఆ ఇల్లాలే నా ముందు నిలబడి, తన నోరు తానే మూసుకున్నానంటోంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అని చూస్తే ఎవరూ దొరకలేదు. ఆయన మీదికే తిరిగాను.

"కింద ఇట్ల ఉందని తెలిసి నాకెందుకు ఇచ్చిన్రు సార్?"

"అచ్చయిందే బొమ్మండి. కింద ఉన్నది చిత్తు," అన్నాడు.

"చిత్తయితే చింపెయ్యాలె గదా?"

ఆయన పాళీ మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఇంకా ఎన్నున్నాయి నీ దగ్గర?" అంది ఆమె. చెప్పాను. "అన్నీ ఇచ్చెయ్యి. ముక్కలున్నవన్నీ చింపేస్తాను."

"అవి సార్ నాకిచ్చినవి."

"కాగితం ఆయనిచ్చాడేమో. మాటలు నావి. నన్నడిగాడా?"

అయినా వాదించాను. చింపితే మీసంలో వెంట్రుకలు కూడా పోతాయన్నాను. ఐదేళ్లు నా పరుపు కింద దాచానన్నాను. ఒక్క ముక్క కూడా ఊడదీసి చూడలేదన్నాను. చూద్దామనే ఆలోచన వచ్చి గంట కూడా కాలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. "ఆదివారం మా ఇంటికి రండి. మీరే చూసుకోండి. తర్వాత మీ ఇష్టం," అని చెప్పి బొమ్మ తీసుకుని వచ్చేశాను. మీ ఇష్టం అన్న మాట నా నోటి నుంచి వచ్చిందంటే మా ఆయన నమ్మలేదు.

ఆదివారంలోపు ఆరు రోజులున్నాయి. అట్టలు మంచం మీద పరిచి, ఒక్కో ముక్క అంచు దగ్గర గోరు పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. పాత జిగురు ఎండి, కొన్ని వాటంతటవే లేస్తున్నాయి. లేచినదాన్ని కాస్త ఎత్తి చూస్తే తప్పా? ఒకదాని కింద "మీరు" అన్న అక్షరాలు కనిపించాయి. అక్కడే ఆపాను. ఎందుకు ఆపానో ఇప్పటికీ చెప్పలేను. మంచితనమైతే కాదు, నన్ను నేను ఎరుగుదును.

ఆదివారం ఆమె ఒక్కతే వచ్చింది, కవాడిగూడలో ఎవరినో చూడటానికి వెళుతున్నానని ఇంట్లో చెప్పిందట. మంచం మీద కూర్చుని ఒక్కోటి చేతిలోకి తీసుకుంది. నాలుగోదాని ముక్క ఆమె వేళ్లకే ఊడి వచ్చింది. బొమ్మను తన వైపు తిప్పుకుని చదివింది. నేను మెడ చాచాను.

"నీకెందుకు?" అంది తల ఎత్తకుండానే.

నా ఇంట్లో, నా మంచం మీద కూర్చుని! మరొకరైతే తగినట్టు చెప్పి ఉండేదాన్ని. కానీ ఆమె ఆ అట్టను రెండు చేతులా పట్టుకుని మళ్లీ మొదటి నుంచి చదువుతోంది.

"నా మాట కనబడితే చాలు, పూర్తిగా చదవకుండానే మూసెయ్యమనేదాన్ని. ఈ మాట అన్నట్టు నాకే గుర్తులేదు," అంది. "ఈయనకు గుర్తుంది. అన్నదన్నట్టే రాశాడు. నేను మాట్లాడుతుంటే ఒక్కరోజూ తలెత్తి చూడలేదనుకునేదాన్ని."

"చింపేస్తరా?" అన్నాను.

"మైదా ఉందా ఇంట్లో?"

మైదా ఉడికించి గిన్నెతో తెచ్చాను. ఊడిన ముక్కను సరిగ్గా బుడగ మీద పెట్టి, ఆరేదాకా అరచేత్తో అదిమి పట్టుకుంది. మిగతావాటి అంచులకూ జిగురు రాసింది. సాయంత్రం వెళ్లేటప్పుడు ల్యామినేషన్‌లో ముక్క జారినదాన్ని మాత్రం కొంగు కింద పెట్టుకుంది. దాన్ని మూయడానికి ఇక దారి లేదు. దాన్ని ఏం చేసిందో నేను అడగలేదు.

ఇప్పుడు ఏటా వానలకు ముందు ఆమె వస్తుంది. బొమ్మలు బీరువాలోంచి తీసి మంచం మీద పెట్టి, జిగురు గిన్నె పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి నేను వంటింట్లో కూర్చుంటాను. వాటికి యజమాని ఎవరు, కాపలాదారు ఎవరు, నాకు తెలియడం లేదు. గదిలోంచి ఒక్కోసారి నవ్వు వినబడుతుంది. ఒక్కోసారి ఏమీ వినబడదు. అప్పుడు టీ పొయ్యి మీది నుంచి దించకుండా ఇంకాసేపు మరగనిస్తాను.