మణికట్టుకు రెండు చుట్లు

మా ఆయన అక్కకు కుక్క అంటే ప్రాణమని, అందుకే అబూ కొండ మీది పాలరాతి గుడి కూడా చూడకుండా దాని దగ్గరే కూర్చుందని మావాళ్లంతా చెప్తారు. అబద్ధం. వదినకు కుక్కలంటే భయం. ఆ వేసవిలో సూరత్ గోడాదరాలో దారం చుట్టే పని మాన్పించి ఆమెను వెంట తీసుకెళ్లింది నేనే, మా కుక్కను పట్టుకోవడానికి.

ఆ గుడిలోకి తోలు వస్తువులు తీసుకెళ్లనివ్వరు. వదిన అందరి బెల్టులూ పర్సులూ ఒళ్లో పెట్టుకుని, కుక్క గొలుసు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, "మీరు పోయి రాండ్రి, నేనుంట గద" అంది. మాట వరసకైనా ఎవరమూ వద్దనలేదు.

చివరి రోజు మళ్లీ అక్కడికే వెళ్లి, గొలుసు నేను లాక్కున్నాను.

"ఇవాళ నువ్వు వెళ్లు వదినా."

"నాకెందుకే పిల్లా," అంటూనే వెళ్లింది. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి, "చూసిన. మస్తుగుంది" అని చెయ్యి చాపింది, గొలుసు కోసం.

సూరత్ తిరిగొచ్చాక మా గోడకు, అక్కడ కొన్న ఆ గుడి లోపలి పైకప్పు ఫొటో తగిలించాను. "గిది ఏ ఊర్ల ఉంది పిల్లా?" అని అడిగింది వదిన.

మొన్న వదిన పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఏడ్చినవాళ్లు ఆ కుక్క కథే చెప్పుకున్నారు. లోపలికి వెళ్లకుండా ఆ ఐదు నిమిషాలు ఆమె ఎక్కడ నిలబడింది?