రెండు మెషిన్లకూ ఒకటే మాట

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి మా మేనకోడలు వచ్చింది. అక్కడ ఇంజనీరింగ్ చదువుతోంది. భోజనాలయ్యాక వరండాలో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే, పత్తి పెట్టుకుని పక్కనే వత్తులు చేసుకుంటున్న నేను ఆ తెర చూసి కళ్లజోడు సర్దుకున్నాను. బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, అంతే. మాట టైపు చేసి మెషిన్ చేత పని చేయించుకునే అలాంటి తెర నేను చూసి ఎన్నేళ్లయిందో. కాలేజీలో చెప్పిన మాట ఇంటి మెషిన్ ఒప్పుకోవడం లేదని ఆ పిల్ల విసుక్కుంటుంటే, అక్కడ ‘ఎల్‌ఎస్’ అన్నదాన్ని ఇక్కడ ‘డిర్’ అనాలమ్మా అన్నాను. అలా కొట్టగానే ఫైళ్ల పేర్లన్నీ వరసగా వచ్చాయి. అత్తయ్యకివన్నీ ఎలా తెలుసా అని అది నా మొహంలోకి చూసి, ఆనక ఇంకేదో తెరిచి, ఇందులో అయితే రెండిట్లో ఏ మాట కొట్టినా పలుకుతుందని చూపించింది. చూస్తే నిజమే, పలుకుతోంది. మా రోజుల్లో అలా ఉండేది కాదు.

డిగ్రీ అయిన కొత్తలో, టైపు హయ్యర్ పాసయ్యానన్న ఒక్క అర్హతతో, ఏలూరు ఆర్.ఆర్. పేటలో ఒక మేడ మీద ఉన్న కంప్యూటర్ ఆఫీసులో చేరాను. ఊళ్లో వాళ్ల జాబితాలూ, కాలేజీల మార్కులూ ఎక్కించి ఇవ్వడం వాళ్ల పని. నన్ను చేర్పించినాయన అక్కడ మా పని చూసే పెద్ద, మా నాన్నగారి చిన్ననాటి స్నేహితుడు. తంగెళ్లమూడి వైపు వాళ్లిల్లు. వాళ్ల నాన్నగారి తరం దాకా తివాచీలు నేసిన కుటుంబం. ఈయన మాత్రం మగ్గం మీద కూర్చోనని టైపు నేర్చుకుని, ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు ముందేసుకుని కంప్యూటరు కూడా నేర్చుకున్నారు. రంజాన్ నెలలో ఉపవాసముండి కూడా మాకు టీలు తెప్పించేవారు. ఆఫీసులో అందరూ సార్ అన్నా, నేను మాత్రం ఇంట్లో పిలిచినట్టే బాబాయిగారూ అనేదాన్ని. అలా పిలిస్తే ఆయన మొహంలో ఒక చిన్న సంతోషం కనిపించేది.

మా ఆఫీసులోది యూనిక్స్ అనే పద్ధతిలో నడిచే మెషిన్. ఒక పెట్టె, దానికి నాలుగు టెర్మినళ్లు, అంటే తెరా కీబోర్డూ. ఆ ఏడు గాలివానకి కొల్లేటి లంకల్లో ఇళ్లు పోయినవాళ్లకి మళ్లీ కట్టించి ఇవ్వడానికి ఒక సేవాసంస్థ పూనుకుంది. ఊరూరా ఎవరి ఇల్లు పోయిందో రాసుకొచ్చిన కాగితాలు మాకిచ్చేవారు. మేం ఎక్కించాక, వారానికి రెండు రోజులు నేను ఫ్లాపీలు సంచిలో పెట్టుకుని, పాసింజరులో భీమడోలు, పూళ్ల దాటుకుంటూ తాడేపల్లిగూడెంలో ఉన్న వాళ్ల ఆఫీసుకి వెళ్లి, అక్కడి మెషిన్‌లోకి మార్చి అచ్చు తీసి ఇచ్చేదాన్ని. ఆ మెషిన్ డాస్ అనే ఇంకో పద్ధతిది. ఇక్కడ ‘సీపీ’ అన్నది అక్కడ ‘కాపీ’, ఇక్కడ ‘క్యాట్’ అన్నది అక్కడ ‘టైప్’, ఇక్కడ ‘ఆర్‌ఎం’ అంటే చెరిగిపోయేది అక్కడ ‘డెల్’ అంటేగాని చెరగదు. సోమవారం ఏలూరు భాష, మంగళవారం గూడెం భాష అన్నట్టుండేది నా బతుకు. కామవరపుకోట నుంచి వచ్చిన మా అమ్మమ్మ సొరకాయ అంటే, అత్తిలిలో పుట్టిన మా నాన్నమ్మ ఆనపకాయ అనేది. వండితే ఇద్దరిదీ ఒకే కూర. బాబాయిగారు కూడా నాకు అలాగే చెప్పారు, పని ఒకటేనమ్మా, పిలుపే వేరు అని. ఒక అట్ట మీద గీత గీసి, ఎడమ పక్క యూనిక్స్ మాట, కుడి పక్క డాస్ మాట తన గుండ్రటి అక్షరాలతో రాసి నా టెర్మినల్ పక్కన అతికించారు. రెండు చోట్లా వేర్వేరుగా ఉన్న మాటలే అందులో రాశారు. రెండిట్లోనూ ఒకటిగా ఉన్న మాట రాయడం దేనికనుకున్నారు.

ఆ ఒకటిగా ఉన్న మాటే నన్ను ముంచింది. దాని పేరు ‘సీడీ’. పాటల సీడీ కాదండీ, మెషిన్‌లో ఫైళ్లు దాచుకునే ఒక అరలోంచి ఇంకో అరలోకి వెళ్లడానికి కొట్టే మాట. గూడెం మెషిన్‌లో వట్టి సీడీ అని కొట్టి ఊరుకుంటే, ఇప్పుడు ఫలానా అరలో ఉన్నావని చెబుతుంది. నాకది బాగా అలవాటైపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ఏలూరులో, ప్రయోగాలకని పెట్టుకున్న అరలో పనికిరాని ఫైళ్లు తీసేద్దామని కూర్చుని, ఎందుకైనా మంచిది, ఎక్కడున్నానో చూసుకుందామని సీడీ కొట్టాను. ఏమీ చెప్పలేదు. యూనిక్స్‌లో వట్టి సీడీ అంటే నీ సొంత అరకి వెళ్లిపో అని అర్థమని నాకు తెలియదు. మారుమాట లేకుండా తీసుకెళ్లి అక్కడ నిలబెట్టింది. నేను ఉన్నచోటే ఉన్నాననుకుని అన్నీ తీసెయ్యమని ‘ఆర్‌ఎం’ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి కొట్టాను. గూడెం మెషిన్ అయితే, నిజంగా తీసెయ్యమంటావా అని అడిగేది. ఇది అడగలేదు. ఎల్‌ఎస్ కొట్టి చూస్తే ఒక్క ఫైలూ లేదు. మిగతా ఊళ్లవి అంతకుముందే టేపు మీదకి ఎక్కించి ఉన్నాయిగాని, మూడు రోజులు కూర్చుని కొట్టిన కొల్లేటికోట ఊరి జాబితా ఆ అరలోనే ఉంది. కాగితాలు చూసుకుందామా అంటే, అవి పడవలో తడిసి ఒకదానికొకటి అంటుకుపోయి వస్తే ఫ్యాను కింద ఆరబెట్టి చదువుకుంటూ కొట్టాం. ఎంట్రీ అయిపోయింది కదా అని ముందురోజే చెత్తలో వేసేశారు.

ఎదురు టెర్మినళ్ల వాళ్లు తలెత్తలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు పోయిందని చెబితే ఎవరూ అనుమానించరు, రోజుకి రెండుసార్లు పోయేది ఎలాగూ. ఆ మాట నోటిదాకా తెచ్చుకునే బాబాయిగారి బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన నా మొహం చూసి కలం పక్కన పెట్టి, "ఏం కొట్టావమ్మా? వరసగా చెప్పు," అన్నారు. ఆ అడగడంలో కోపం లేదు. దాంతో అబద్ధం చెప్పలేకపోయాను. సీడీ, ఆర్‌ఎం, నక్షత్రం గుర్తు, వరసగా చెప్పాను. ఆయన లేచి వచ్చి తెర చూసి, అట్ట మీద వేలు పెట్టి పైనుంచి కిందకి చదివారు.

"ఇది నేను రాయాల్సింది. మాట ఒకటే కదా అని రాయలేదు," అన్నారు.

ఆ తర్వాత మా యజమాని దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, మా ఇద్దరి వల్లా పోయిందని చెప్పారు. యజమాని గట్టిగానే మాట్లాడారు. నా ఉద్యోగం ఆ పూట పోయినట్టే అనుకున్నాను. అవన్నీ బాబాయిగారు తల వంచుకుని విని, రెండు రోజులు టైమివ్వండి సార్, మేమే వెళ్లి రాసుకొస్తాం అన్నారు. వయసులో ఆయనకంటే చిన్నవాడి ముందు నాకోసం అలా నిలబడ్డం నేను ఈనాటికీ మరిచిపోలేదు.

మర్నాడు పొద్దున్నే కైకలూరు బస్సెక్కి, ఆలపాడు దగ్గర దిగి పడవెక్కాం. నేను కొల్లేటి లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. మూడు రోజులు ఆ ఊరి పేర్లు కొట్టానుగాని ఆ ఊరు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎర్రకాళ్ల కొంగలు నీళ్లలో నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. గట్ల మీద వలలు ఆరేసి ఉన్నాయి. బాబాయిగారు బడి వరండాలో చాప పరిపించుకుని కూర్చుని, రాసుకున్నది పోయింది, తప్పు మాదే, మళ్లీ చెప్పండని ఉన్నమాట చెప్పేశారు. కొందరు విసుక్కున్నా, ఒకరొకరుగా వచ్చి చెప్పారు. ఆయన అడుగుతుంటే నేను రాశాను. మధ్యాహ్నం ఎవరో వేయించిన చేపముక్కలతో అన్నం పెట్టారు. మా ఇంట్లో చేపల వాడకం లేదని చెప్పలేక నేను మొహమాటపడుతుంటే, బాబాయిగారు ఆ ముక్కలు తన ఆకులోకి తీసుకుని నాకు మజ్జిగ అడిగి పోయించారు.

ఎండ వాలే వేళకి జనం పలచబడ్డారు. వరండా చివర స్తంభాన్ని పట్టుకుని ఒకావిడ పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. ముందుకి రాదు, వెళ్లిపోదు. మేం కాగితాలు సర్దుకుంటుంటే అప్పుడు వచ్చి, "మళ్లీ రాత్తన్నారంట కదండీ. ఈసారన్నా నన్ను రాత్తారాండి?" అంది.

పోయినసారి ఎందుకు రాయలేదని బాబాయిగారు అడిగారు. భర్త చనిపోయి నాలుగేళ్లయిందట. మరిది ఇంటి పక్కనే చిన్న పాకలో ఉండేది. మొదట రాసుకున్నవాళ్లు ఇంటి పెద్ద పేరు అడిగితే ఊళ్లోవాళ్లు మరిది పేరు చెప్పారు, వాళ్లు రెండు పాకలనీ ఒకటిగా రాసుకుని వెళ్లిపోయారు. గాలికి రెండూ పోయాయి. ఒకసారి రాశాక ఇంక మార్చరని ఎవరో చెబితే ఊరుకుంది. ఆ మరిది పేరు నాకు గుర్తుంది, నేనే కొట్టాను. ఆ పేరు వెనక ఇంకో మనిషి ఉందని నాకెలా తెలుస్తుంది? బాబాయిగారు ఇద్దరు ముగ్గురిని పిలిచి కనుక్కుని, నా వైపు తిరిగి, "రాయమ్మా, ఈవిడ పేరే రాయి," అన్నారు. ఆవిడ తన పేరు నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది, తప్పు రాస్తానేమోనని. ఆ తర్వాత ఆయన, ముందు చెప్పి వెళ్లినవాళ్లని కూడా మళ్లీ పిలిపించి, మీ ఇంటి పక్కన ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. ఇంకో రెండు ఇళ్లు అలాగే బయటపడ్డాయి.

మూడోనాడు ఆ జాబితా గూడెంలో అచ్చు తీసి ఇచ్చాను. ఏడాది తిరిగేసరికి ఆవిడ పేరు మీద ఇల్లు లేచిందని పడవవాళ్ల ద్వారా కబురు వచ్చింది. నా తప్పు తప్పు కాకుండా పోలేదు. అయినా ఆ ఫైలు చెరక్కపోతే ఆవిడ ఎక్కడ ఉండేదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. బాబాయిగారు రిటైరయ్యాక, ఆయన కళ్లు మసకబారాక కూడా వాళ్లింటికి వెళుతుండేదాన్ని. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పటి మెషిన్లు తప్పు చెయ్యనివ్వవు. చెరిపింది బుట్టలోంచి తీసుకోవచ్చు, ఎక్కడో ఇంకో నకలు ఉంటుంది, కొల్లేరుకి పడవెక్కే పని ఎవరికీ పడదు. మంచిదే. కిందటి నెల ఒక ఆఫీసులో నా కాగితం కోసం వరసలో నిలబడ్డాను. నా ముందున్న పెద్దాయనకి, మీ పేరు సిస్టమ్‌లో లేదండీ అని కౌంటర్ వెనక అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. ఆయన సరేనండీ అని చేతిసంచి సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. ఏ ఊరండీ మీది, ఎవరి దగ్గర ఉంటున్నారు అని ఎవరూ అడగలేదు. నేను ఆయన వెనకే ఉన్నాను. నేనూ అడగలేదు.